మొదటి సెమిస్టర్ పుస్తకంలో బాణం ఎటు?

పాత పుస్తకం ఇక రాదన్న వార్త నాకు మొదట చెప్పింది బెవర్లీ. మా కాలేజీలో పుస్తకాల షాపు చూసుకునే ఆవిడ. ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం టీ కప్పు పట్టుకుని వరండాలో వెళ్తుంటే నన్ను ఆపింది. "శారదా, మీ ఎలక్ట్రికల్ పుస్తకం అచ్చు ఆపేశారట. సెప్టెంబరుకి ఒక్క కాపీ కూడా రాదు. నీకెవరూ చెప్పలేదా?" అంది.

ఎవరూ చెప్పలేదు. ఆవిడ చెప్పకపోతే ఆగస్టు చివర్లో తెలిసేది. అప్పుడు చేతికందిన పుస్తకమేదో పిల్లల నెత్తిన పెట్టేవాళ్ళం. కాబట్టి ముందుగా బెవర్లీకి నా నమస్కారం.

కెనడాలో, ఒంటారియోలోని ఒక చిన్న ఊరి కాలేజీలో, మొదటి సెమిస్టర్ పిల్లలకు ఎలక్ట్రికల్ బేసిక్స్ చెప్పి రిటైరయ్యాను. ఊరి పేరూ కాలేజీ పేరూ రాయను, వాటితో పనిలేదు. ఇప్పుడు మన పిల్లలు చాలామంది ఇక్కడి కాలేజీల్లో టీచర్లుగా చేరుతున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి ఈ మధ్య ఫోన్ చేసి, "ఆంటీ, పాఠం చెప్పడం వచ్చు గానీ మొదటి పుస్తకం ఎలా ఎంచుకోవాలో తెలియడం లేదు" అంది. నాకూ సరిగ్గా తెలియదమ్మా అన్నాను. తెలియకుండానే ఒకసారి ఎంచాను. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాస్తాను, మీకేమైనా పనికొస్తే తీసుకోండి.

మూడు పుస్తకాలు, రెండు బాణాలు

మా డిపార్ట్‌మెంట్ హెడ్ రాన్. వయసులో ఉండగా నేవీలో ఎలక్ట్రానిక్స్ పని చేసి వచ్చినవాడు. నేను వెళ్ళి విషయం చెబితే, కంప్యూటర్ మీదనుంచి తల తిప్పకుండానే, "నువ్వే ఎంచు. జూన్ ఆఖరుకి చెప్పు" అన్నాడు. ఇంత పెద్ద నమ్మకం ఇంత తేలిగ్గా ఇచ్చినందుకు సంతోషించాలో, భయపడాలో తెలియలేదు.

పబ్లిషర్ల దగ్గరనుంచి నమూనా కాపీలు వచ్చాయి. తీసేయగా తీసేయగా మూడు మిగిలాయి. ఒకటి లావుపాటి రంగుల పుస్తకం, యూనివర్సిటీ వాళ్ళు చదివేది. దాంట్లో కరెంటు బ్యాటరీ ప్లస్ దగ్గర బయలుదేరి మైనస్‌కి వస్తుంది. ఇండియాలో మనందరం చదువుకున్న పద్ధతి అదే. రెండోది ఫ్యాక్టరీ టెక్నీషియన్ల కోసం రాసినది, బొమ్మలు చాలా బాగుంటాయి. అందులో బాణం మైనస్ నుంచి ప్లస్‌కి పోతుంది. నిజంగా కదిలేది ఎలక్ట్రాన్లు కాబట్టి వాటి దారే గీస్తారు. మా పాత పుస్తకమూ ఇదే పద్ధతి. మూడోది సన్నపాటిది, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికేది. బొమ్మలు అంతంత మాత్రం, లెక్కలు తక్కువ.

లెక్క ఎటునుంచి చేసినా జవాబు ఒకటే వస్తుంది, బల్బు వెలుగుతుంది. తేడా అంతా కాగితం మీద బాణానిదే. "నిలువు నామం, అడ్డ నామం లాంటిదన్నమాట" అన్నారు మావారు. ఆయన కెమికల్ ప్లాంట్లో కెమిస్టుగా చేసి రిటైరయ్యారు, కరెంటు సంగతి ఫ్యూజు మార్చడం వరకే.

గ్వెల్ఫ్‌లో మాకు తెలిసిన యూనివర్సిటీ ప్రొఫెసర్ మూర్తి గారున్నారు. ఆయన్ని అడిగాను.

"అమ్మాయ్, లోకమంతా ప్లస్ నుంచి మైనస్‌కి రాసుకుంటుంటే మీ ఊళ్ళో మాత్రం తిరగబడిందా? ఆ రెండోది టీవీ రిపేరు చేసేవాళ్ళ పుస్తకం. అవతల పారెయ్. రేపు మీ పిల్లల్లో ఒకడు యూనివర్సిటీకి మారితే వాడి గతేం కావాలి?"

మర్నాడు అదే మాట రాన్‌తో అంటే ఆయన నవ్వాడు. "కదిలేది ఎలక్ట్రాన్. కదిలేదాన్ని చూపించకుండా కదలనిదాన్ని చూపించి పిల్లలకు పాఠం చెబుతారా? మీ ప్రొఫెసర్ గారిని ఒకసారి స్క్రూడ్రైవర్ పట్టుకోమను."

ఇద్దరి మాటా సబబుగానే తోచింది. నా చిక్కంతా అక్కడే. తప్పు మాట్లాడేవాళ్ళైతే తోసేయవచ్చు. ఇద్దరూ ఒప్పే మాట్లాడితే మధ్యలో నిలబడినవాళ్ళు ఏం చెయ్యాలి?

అంటే?

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాను. మా నాన్న జలవిద్యుత్ ప్రాజెక్టుల మీద పనిచేసేవారు. కొండల్లో క్యాంపులు, దగ్గర్లో బడి ఉండేది కాదు. మెట్రిక్ దాకా మా అమ్మే ఇంట్లో చదువు చెప్పి, ప్రైవేటుగా పరీక్ష కట్టించింది. ఆవిడ చదివింది ఎనిమిదో తరగతి. తనకు తెలియని పాఠం వచ్చినప్పుడు నాచేత పైకి చదివించేది. నేను రెండు వాక్యాలు చదవగానే, చేస్తున్న పని ఆపకుండానే "అంటే?" అనేది. నేను చెప్పలేకపోతే ఆ పేజీ అక్కడే ఆగిపోయేది, సాయంత్రం నాన్న వచ్చేదాకా. ఆ తరువాత ఎన్ని క్లాసుల్లో కూర్చున్నా అంతకంటే మంచి టీచరును చూడలేదు. భగవంతుడు నాకు చేసిన మేళ్ళలో ఆ "అంటే?" మొదటిది.

అందుకని మూడు పుస్తకాలూ తెచ్చి, ఒక్కొక్క దాంట్లో మొదటి పాఠం మావారికి పైకి చదివి వినిపించాను. ఆయన అమ్మ స్థానంలో కూర్చున్నారు.

లావు పుస్తకం మొదలుపెట్టిన కాసేపటికే ఆయనకు విసుగొచ్చింది. "అంటే, అంటే అని నేనంటూనే ఉన్నాను, అది మాత్రం తనను కానట్టు పోతూనే ఉంది. ఎవరికోసం రాశాడే దీన్ని?"

"తెలిసినవాళ్ళ కోసం రాశాడండీ."

"తెలిసినవాళ్ళకి దీంతో ఏం పని?"

రెండో పుస్తకం ఆయనకు నచ్చింది, బొమ్మలు చూసి ముచ్చటపడ్డారు. అంతలో, "మరి ప్లస్ దగ్గర బయలుదేరుతుందని కదా మేం స్కూల్లో చదివాం, వీడేమిటి ఇటునుంచి వస్తున్నాడు?" అన్నారు. ఆ పుస్తకంలో దానికి జవాబు ఉంది. చాలా వెనక, చిన్న అక్షరాల్లో.

మూడోది చదువుతుంటే రెండో పేజీలోనే ఒక మాట వచ్చింది. కరెంటు బాణం గీయడంలో రెండు అలవాట్లున్నాయి, ఈ పుస్తకంలో ప్లస్ నుంచి గీస్తాం, బయట ఎక్కడైనా రెండోది కనిపిస్తే కంగారు పడకండి, మీకేమీ తెలియక కాదు అని. మావారు "అంటే?" అనలేదు. "పాపం, మంచివాడిలా ఉన్నాడు" అన్నారు.

అయినా నాకు మనసొప్పలేదు. ఒక్క పేజీ బాగుందని పుస్తకం ఎలా ఎంచుతాం? లెక్కలు తక్కువ. మన పిల్లలకేమో చేసి చూపించిన లెక్క పక్కనుంటే గానీ చదివినట్టుండదు.

స్రవంతి పుస్తకం

స్రవంతిది జగిత్యాల. చలికాలం సెమిస్టర్లో ఇదే సబ్జెక్టు రాన్ దగ్గర తప్పింది. సెప్టెంబరులో నా క్లాసులో మళ్ళీ కూర్చోవాలి. అప్పుడూ తప్పితే ప్రోగ్రామ్‌లో ఉండనివ్వరు. ప్రోగ్రామ్ పోతే ఈ దేశంలో ఉండనిచ్చే స్టడీ పర్మిట్ ఏమవుతుందో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల కాఫీ షాపు డ్రైవ్‌త్రూలో పార్ట్‌టైమ్ చేసేది. మా ఊళ్ళో బస్సు ఎప్పుడొస్తుందో బస్సు వాళ్ళకే తెలియదు కాబట్టి, నా దారిలోనే కదా అని కారులో దింపేదాన్ని.

ఆమె పరీక్ష రాస్తున్నప్పటి సంగతి రాన్ నవ్వుతూ చెప్పాడు. "రెండు చేతులూ గాల్లో తిప్పుతూ కూర్చుంది. ట్రాఫిక్ కంట్రోల్ చేస్తోందేమో అనుకున్నాను." తీగలో కరెంటు ఎటు పోతే అయస్కాంతం ఎటు తిరుగుతుందో బొటనవేలు చాపి చూసుకోవడం ఒకటుంది. ప్లస్ నుంచి గీసేవాళ్ళు దానికి కుడిచెయ్యి వాడతారు. మైనస్ నుంచి గీసేవాళ్ళు ఎడమచెయ్యి. రెండు చేతులూ ఎందుకు తిప్పిందో నాకు అర్థం కాలేదు. కారులో అడిగాను.

"ఎక్కడ తప్పుతున్నావమ్మా? లెక్కలు బాగానే చేస్తావటగా."

"తెల్వదు ఆంటీ. లెక్కలైతే అన్నీ రైటే వస్తయి. డైరెక్షన్ అడిగిన్రంటే మాత్రం మొత్తం ఉల్టా అయితది. నా మైండే ఉల్టా ఉన్నదేమో."

"రాన్‌ని అడగలేదూ?"

"సార్‌ని ఎట్ల అడుగుతం ఆంటీ? సార్ చెప్పింది బోర్డు మీద ఉన్నది, బుక్కుల ఉన్నది బుక్కుల ఉన్నది. నడుమ నాకే సమజ్ కాలేదని ఊకున్న."

ఆ మాట దగ్గర ఏదో తగిలింది గానీ ఏమిటో తెలియలేదు. శనివారం ఆ పుస్తకం పట్టుకుని ఇంటికి రమ్మన్నాను. వచ్చింది. దోసెలు పోసి పెట్టి, ఆమె పుస్తకమూ నా పుస్తకమూ పక్కపక్కన పరిచాను. ఒకటే అట్ట, ఒకటే పేరు. అదే పేజీలో అదే లెక్క, అదే బొమ్మ. నా దాంట్లో బాణం ఎడమకి ఉంది, ఆమె దాంట్లో కుడికి.

కొన్ని పుస్తకాలను రెండు రకాలుగానూ అచ్చు వేస్తారు. ఏ రకమో అట్ట మూలన చిన్న అక్షరాల్లో ఉంటుంది. అది టీచర్లం మాకు తెలుసు. స్రవంతి ఉండే ఇంట్లో పిల్లలకు ఎవరు చెప్పాలి? మన పిల్లలు అద్దెకుండే ఇళ్ళలో వస్తువులు మనుషులతో పోవు, ఇంటితోనే ఉంటాయి. కుక్కరు, మంచు ఎత్తే పార, ఎలక్ట్రికల్ పుస్తకం, అన్నీ సీనియర్లు ఖాళీ చేస్తూ జూనియర్లకు వదిలిపోతారు. ఆ ఇంట్లో మిగతా అందరివీ బిజినెస్ కోర్సులు. ఎలక్ట్రికల్ ఈ పిల్ల ఒక్కతే. పక్కనుంచి పోల్చి చూసేవాళ్ళు లేరు.

డయోడ్ అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే చిన్న వస్తువు. దాని గుర్తు కూడా బాణంలాగే ఉంటుంది. పరీక్షలో బ్యాటరీకి డయోడూ బల్బూ కలిపి, వెలుగుతుందా అని అడిగారు. స్రవంతి రాన్ చెప్పినట్టు మైనస్ నుంచి కరెంటును నడిపించింది. డయోడ్ దగ్గరికి వచ్చేసరికి తన పుస్తకంలో ఉన్నట్టు, బాణం ఎటుంటే అటే పోవాలి అనుకుంది. కరెంటు బాణానికి ఎదురు వచ్చింది, రాన్ పద్ధతిలో అలా ఎదురు రావడమే సరి. బల్బు వెలగదని రాసింది. సగం అక్కడిది, సగం ఇక్కడిది. ఏ సగంలోనూ తప్పు లేదు.

నేను చెప్పింది విని, రెండు అట్టల మూలలూ దగ్గర పెట్టి చూసుకుంది. తరువాత, "అంటే ఆంటీ, నా మైండ్ ఉల్టా లేదా?" అంది.

"లేదమ్మా."

"మరి రెండిట్ల ఏది రైటు?"

"రెండూ రైటే."

"గట్లెట్ల ఉంటది ఆంటీ! పరీక్షల రెండూ రాస్తే మార్కులేస్తరా?"

నవ్వింది గానీ కళ్ళనిండా నీళ్ళు. ఆ పేపరు సంగతి రాన్‌కి చెప్పాను. ఆయన పేపరు బయటికి తీయించి మళ్ళీ చూశాడు. మార్కులు అప్పటికే పైకి వెళ్ళిపోయాయి, మార్చడానికి రూలు ఒప్పుకోలేదు. ఇక మిగిలింది సెప్టెంబరు. నేను ఎంచిన పుస్తకంతోనే ఆ పిల్ల ఆఖరిసారి కూర్చోవాలి.

చీట్లు

విషయం తెలిశాక దారి సుగమం కావాలి కదా. నాకు ఇంకా అయోమయమైంది. పాత పద్ధతి పుస్తకమే తెస్తే స్రవంతికి రాన్ క్లాసు విన్నది పనికొస్తుంది. ప్లస్ పద్ధతి తెస్తే ఇండియాలో చదివింది పనికొస్తుంది. ఇక్కడి పిల్లలు ఫ్యాక్టరీల్లో చేరేవాళ్ళు, వాళ్ళకు రాన్ దారే మేలేమో. ఒకరి కోసం పుస్తకం మార్చితే మిగతావాళ్ళకు అన్యాయం చేసినట్టా?

జూన్ ఆఖరుకి వచ్చేసింది. ఒకరోజు పొద్దున పూజ చేసుకుంటూ మూడు చీట్లు రాసి దేవుడి ముందు పెట్టాను. మా ఇంట్లో పిల్లల పేర్లు కూడా అలాగే పెట్టారు. మావారు కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి చూశారు.

"దేవుడికి నీ కరెంటు లెక్కలు అంటగడతావేమిటే?"

"ఏమండీ, నాకేమీ తోచడం లేదు."

"ఆయనకి మాత్రం తోచొద్దూ? ఒక్క పుస్తకమైనా చదివి వినిపించావా ఆయనకి?"

ఎగతాళికే అన్నారు. నా చెయ్యి మాత్రం ఆగిపోయింది. చీటీ తీసి, రేపు ఆ పిల్ల తప్పితే, స్వామి ఇచ్చిందే కదా అని తప్పుకుంటాను. నాకు అమ్మనిచ్చి, చదువునిచ్చి, ఈ దేశంలో ఉద్యోగమిచ్చినవాడిని పుస్తకం కూడా నువ్వే ఎంచు అనడం మరీ అత్యాశ. చీట్లు విప్పకుండానే నీలం రంగు రీసైక్లింగ్ డబ్బాలో వేశాను. మూడోదే తీసుకుందామనుకున్నాను. ఎందుకని అడిగితే, రెండో పేజీ అని తప్ప చెప్పడానికి నా దగ్గర ఇంకేమీ లేదు.

రాన్ గదిలో

రాన్ సన్న పుస్తకాన్ని చేత్తో తూచి చూశాడు. "బొమ్మలు లేవు. లెక్కలు లేవు. ఉచితం అంటే ఎవరూ సరిచూడలేదని అర్థం."

"రెండో పేజీ చదవండి."

చదివాడు. మళ్ళీ చదివాడు. "నేవీలో నాకు ఒక్క దారే నేర్పారు" అన్నాడు. "రెండోది ఉందని ఓడ దిగి మొదటి ఉద్యోగంలో చేరాక తెలిసింది. డ్రాయింగులన్నీ తలకిందులుగా కనిపించాయి. అడిగితే తీసేస్తారని భయపడి, చాలా రోజులు తల ఊపుతూ గడిపేశాను."

"ఈ సంగతి క్లాసులో ఎప్పుడైనా చెప్పారా?"

"ఎందుకు చెబుతాను?" అని, మళ్ళీ ఆ రెండో పేజీ వంక చూసి, "ఇకనుంచి చెప్పాలేమో" అన్నాడు. "పుస్తకం మారిస్తే ల్యాబ్ షీట్లన్నీ మార్చాలి, తెలుసుగా."

"నేను మారుస్తాను."

"నువ్వు కాదు, మనం."

చాలామంది బాసుల దగ్గర పనిచేశాను. పుస్తకం మార్చి, ల్యాబ్ షీట్లు పాతవే ఉంచేసేవాళ్ళే ఎక్కువ. వేసవి సెలవుల్లో వచ్చి, నలభై ఏళ్ళుగా తను నమ్మిన బాణాలను తన చేత్తోనే తిప్పి గీసిన బాసు రాన్ ఒక్కడే. కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదొక్కటే. పుస్తకం, బోర్డు, ల్యాబ్ షీటు, పరీక్ష పేపరు నాలుగూ ఒకే దారిలో ఉన్నాయా లేదా అని చూడండి. మిగతాది నాకూ తెలియదు.

సెప్టెంబరు

రాన్ అన్నంతా అయింది. పుస్తకం వెనక ఇచ్చిన జవాబుల్లో తప్పులు బయటపడ్డాయి. మూర్తి గారు ఫోన్లో "చెప్పానా?" అన్నారు. ఆయన చెప్పింది ఇది కాదు, అయినా ఆ మాట అనే అవకాశం వదులుకోలేదు. ఎంత పని చేశాను అని నాకు అన్నం సహించలేదు.

ఒకరోజు క్లాసులో అందరూ లెక్క చేస్తున్నారు. చేసినవాళ్ళు వెనక జవాబు చూసుకుని, తమది కొట్టేసి, పుస్తకంలో ఉన్నది రాసుకుంటున్నారు. స్రవంతి రబ్బరు చేతిలోకి తీసుకుంది. కాగితం వంక చూసింది, పుస్తకం వంక చూసింది. రబ్బరు కిందపెట్టి చెయ్యెత్తింది.

"మ్యామ్, ఐ థింక్ బుక్ ఈజ్ రాంగ్."

క్లాసంతా వెనక్కి తిరిగింది. బోర్డు మీద చేయమన్నాను. చేసింది. పుస్తకంలోదే తప్పు. తరువాత ఇంకో ఇద్దరు చేతులెత్తారు, ఆ తరువాత అదొక ఆటైపోయింది. మంచి పుస్తకమైతే ఆ చెయ్యి లేచేదా అని నాకు ఇప్పటికీ సందేహమే. చెడ్డ పుస్తకం మంచిదని చెప్పలేను కదా.

డిసెంబరులో స్రవంతి పాసైంది. డయోడ్ దగ్గర బల్బు వెలిగించింది. పరీక్షలో ఒక్క చెయ్యే తిప్పిందని రాన్ వచ్చి మరీ చెప్పాడు.

ఆ ఆదివారం సర్వపిండి చేసుకుని ఇంటికొచ్చింది. దేవుడి దగ్గర పెట్టి, తలా ఒక ముక్క తిన్నాం. వెళ్తూ వెళ్తూ ఆ పాత పుస్తకం బల్లమీద పెట్టింది.

"ఇది మీ దగ్గర్నే ఉంచుండ్రి ఆంటీ. ఇంట్ల ఉంటే మళ్ళ ఎవరో తీస్తరు."

"మొదట ఎవరు కొన్నారమ్మా దీన్ని?"

"మహేశ్ అన్న. నాకంటే ముందు ఆ ఇంట్ల ఉండె. ఆయన రెండుసార్లు తప్పిండు ఆంటీ. మస్తు చదువుతుండెనట. ప్రోగ్రామ్ పోయినంక పర్మిట్ కోసం చానా తిప్పలు పడి, ఇప్పుడు విన్నిపెగ్ దిక్కు ట్రక్కు నడుపుతున్నడు."

ఆమె వెళ్ళాక పుస్తకం తెరిచి చూశాను. ప్రతి బొమ్మ పక్కనా పెన్సిలుతో గీసి చెరిపిన బాణాలు. కాగితం అక్కడక్కడ చిరిగేంతగా చెరిపాడు. రాన్‌ని అడిగితే, "మంచి కుర్రాడు. ఎప్పుడూ ఏమీ అడగలేదు" అన్నాడు. చెప్పి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

స్రవంతి దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను. వెనక ఇంజన్ హోరు. నేనెవరో చెప్పి, పుస్తకం సంగతి మొదలుపెట్టాను.

"పర్వాలేదు ఆంటీ, అయిపోయింది గదా. నాకు కరెంటు రాదు, అంతే. ట్రక్కు మంచిగనే ఉంది."

"అది కాదు నాయనా, నీ పుస్తకం వేరు, వాళ్ళు చెప్పిన పాఠం వేరు. నువ్వు రాసింది..."

"హలో? ఆంటీ? సిగ్నల్ పోతున్నది..."

ఎంతవరకు విన్నాడో తెలియదు. మెసేజ్ పెట్టాను. చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపాడు. అర్థమైందనా, ఇక వదిలేయమనా? తేల్చుకోలేకపోతున్నాను.

దీపం పెట్టే అలవాటున్నవాళ్ళు దీపం దగ్గర, లేనివాళ్ళు మొదటి పాఠం మొదలుపెట్టే ముందు, మహేశ్‌ను ఒక్కసారి తలుచుకోండి. హైవే మీద ఏ ట్రక్కు స్టాపులోనైనా అతను మీకు తటస్థపడి, "నాకు కరెంటు రాదండీ" అంటే మాత్రం నమ్మకండి.